పోర్చుగల్ అధ్యక్షుడు ఒకాయన రాజీనామా చేసి ఓడెక్కి వెళ్ళిపోయాడంటారు, నిజమేనా?

నిజమే. ఆయన పేరు మానుయెల్ తైషైరా గోమిష్. నేను ఇంగ్లీషు అక్షరాలు చూసి "టెక్సీరా గోమ్స్" అని చదివితే, నాతో పనిచేసే పోర్చుగీసు ఆవిడ పగలబడి నవ్వింది. దక్షిణాన అల్గార్వ్ తీరంలో పోర్తిమావ్ అనే ఊళ్ళో, ఒక హోటల్లో రెండు సీజన్లు హౌస్‌కీపింగ్ చేశాను. ఆయనది ఆ ఊరే. నది ఒడ్డున ఒక కూడలికి ఆయన పేరే పెట్టారు. రోజూ దాని మీదుగా డ్యూటీకి వెళ్తూ కూడా, మొదటి సీజనంతా ఎవరో పాత మేయర్ అయ్యుంటాడులే అనుకున్నాను.

ఆవిడే ఒకరోజు కాఫీ టైంలో నా చేతిలో ఒక మిఠాయి పెట్టింది. ఎండు అంజీర పళ్ళను చీల్చి నక్షత్రంలా పేర్చి, మధ్యలో బాదంపప్పులు గుచ్చి ఓవెన్‌లో వేయించారు. "మా ప్రెసిడెంట్ వాళ్ళ నాన్న ఈ సరుకు అమ్మే ధనవంతుడయ్యాడు" అంది. అప్పుడు మొదలైంది నా ఆరా.

గోమిష్ 1860లో పుట్టాడు. కొయింబ్రా యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరి మధ్యలోనే వదిలేసి, లిస్బన్, పోర్తోల్లో రచయితలతో, చిత్రకారులతో తిరిగాడు. తర్వాత ఇంటి వ్యాపారం మీదే యూరప్ చుట్టూ తిరిగి అంజీర, బాదం అమ్మాడు, పుస్తకాలూ రాశాడు. 1910లో రాజరికం పోయింది. మరుసటేడు కొత్త రిపబ్లిక్ ఆయన్ని లండన్‌కి రాయబారిగా పంపింది. గద్దె దిగిన రాజు రెండో మానుయెల్ కూడా ఇంగ్లండులోనే తలదాచుకున్నాడు. ఆ రాజు ఉన్న దేశంలోనే ఆయన్ని దించినవాళ్ళ తరఫున మాట్లాడాలి, ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

1923లో పార్లమెంటు ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ రిపబ్లిక్ బతికిన 16 ఏళ్ళలో 45 ప్రభుత్వాలు మారాయి. ఒక్క 1925లోనే ఏప్రిల్‌లో ఒకటి, జూలైలో ఒకటి సైనిక తిరుగుబాట్లు జరిగి విఫలమయ్యాయి. డిసెంబర్ మొదట్లో ఇంకో గొడవ. దొంగ పత్రాలు చూపించి లండన్‌లోని అసలు ప్రెస్సులోనే పోర్చుగీసు నోట్లు అచ్చేయించుకున్న ఒక ఘనుడి బండారం బయటపడింది. (ఇది వేరే కథ, ఎవరైనా అడిగితే రాస్తాను.) డిసెంబర్ 11న గోమిష్ రాజీనామా చేశాడు. నాలుగేళ్ళ పదవిలో దాదాపు సగం ఇంకా మిగిలే ఉంది. 17న 'జియస్' (Zeus) అనే డచ్చి సరుకుల ఓడెక్కాడు. మళ్ళీ ఆ గడ్డ మీద కాలు పెట్టలేదు. అయిదున్నర నెలలకి, 1926 మే 28న, సైన్యం రిపబ్లిక్‌నే కూల్చేసింది.

ఆయన్ని సన్యాసిలా చూపిస్తారు చాలామంది. నేనలా అనుకోను. డబ్బున్నవాడు కాబట్టి వెళ్ళగలిగాడు, ఇద్దరు కూతుళ్ళని వదిలి మరీ వెళ్ళాడు. కానీ ఆ తర్వాతి సంగతి మాత్రం నన్ను పట్టేసింది. కొన్నేళ్ళు మధ్యధరా తీరాలు తిరిగి, 1931లో అల్జీరియాలోని బూజీకి చేరాడు. ఇప్పుడా ఊరిని బెజాయా అంటారు. అక్కడ ఎత్వాల్ అనే హోటల్లో 13వ నంబరు గది తీసుకుని, పదేళ్ళు అందులోనే ఉండి రాసుకుంటూ గడిపాడు. మా హోటల్లో చెకౌట్ అయిన గదిని గంట తిరక్కుండా కొత్తగా చేసేవాళ్ళం, నిన్నటి మనిషి ఆనవాలు మిగలకూడదు. పదేళ్ళు ఖాళీ చేయని గది ఎలా ఉంటుందో! పరుపు ఆయన పక్కకే ఒరిగిపోయి ఉంటుంది.

1941 అక్టోబర్ 18న, 81 ఏళ్ళ వయసులో అక్కడే పోయాడు. అవశేషాలు పోర్తిమావ్‌కి వచ్చింది 1950లో. అప్పటికి పోర్చుగల్‌ని ఏలుతున్నది నియంత సాలజార్.