కారణం నిజమే, ‘కాబట్టి’ మాత్రం నాది

ఉద్యోగం చేసుకుంటూనే, మధ్యలో ఆగిన చదువు పూర్తి చేయాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నానన్నారు. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డు తగులుతోందని, అవి నిజంగా కారణాలా, మీకు మీరే చెప్పుకుంటున్న సాకులా అన్నది తేలడం లేదని అడిగారు. ఆరేళ్లపాటు నేనూ అక్కడే ఆగిపోయాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను రాయాల్సింది అకౌంటింగ్‌లో ఒక వృత్తి పరీక్ష. దాని కోసం కొన్న లావుపాటి పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మొదటి 40 పేజీల అంచులు నలిగి నల్లబడ్డాయి. ఒకే వాక్యం కింద మూడు గీతలు కనిపిస్తాయి: ఒకటి నీలం సిరా, ఒకటి ఎరుపు, ఒకటి పెన్సిలు. ఒక్కో రంగు ఒక్కో సంవత్సరానిది. 41వ పేజీ నుంచి మాత్రం చాలాకాలం కాగితం తెల్లగా, కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. అంటే మొదలుపెట్టకపోవడం నా సమస్య కాదు. మూడుసార్లు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. కష్టమైన అధ్యాయం ఎదురుకాగానే మూడుసార్లూ ఒక మంచి కారణం వెతుక్కున్నాను.

సాకు అంటే అబద్ధమని అనుకుంటాం. నా అనుభవం వేరు. పూర్తి అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు, చెప్పుకోవడానికి మనకే సిగ్గేస్తుంది. ఏళ్ల తరబడి నిలిచేది సగం నిజమున్న సాకు. మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. నాలుగు నెలలు ఆమెను లేవదీయడం, నడిపించడం, మందులు చూసుకోవడం నా పనే. ఆ నాలుగు నెలలు చదవనందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. అది సాకు కాదు. మీ ఇంట్లోనూ అలాంటి పరిస్థితి ఉంటే, దయచేసి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. నా తప్పు ఆ తర్వాత జరిగింది. ఆమె కోలుకుని చకచకా నడుస్తున్నా, పరీక్ష సంగతి ఎవరు అడిగినా నా నోట అదే జవాబు వచ్చేది. ఒకరోజు ఫోనులో అలా చెబుతుంటే ఆమె విన్నారు. నేను ఫోను పెట్టేశాక పక్కన కూర్చుని, “నా కాలు బాగై ఏడాది దాటిందమ్మా. ఇంకా నా పేరు చెప్పి నీ చదువు ఆపుకోకు” అన్నారు. కోపంతో కాదు, ఎంతో మెల్లగా అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నా కారణాలన్నీ ఒక కాగితం మీద పెట్టాను. ఎవరికైనా చెప్పేటప్పుడు ఏ మాటల్లో చెబుతానో అవే మాటల్లో రాశాను.

“ఆఫీసు నుంచి వచ్చేసరికి అలసిపోతున్నాను, కాబట్టి చదవలేను.”
“వారంలో ఒక్కరోజే తీరిక, కాబట్టి మొదలుపెట్టి లాభం లేదు.”
“చదువు వదిలి పదేళ్లయింది, కాబట్టి ఇక బుర్రకెక్కదు.”

రెండోసారి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. ప్రతి వాక్యంలోనూ మొదటి సగం నిజం. రెండో సగానికి ఏ ఆధారమూ లేదు. మధ్యలో ‘కాబట్టి’ పెట్టింది నేను. అలసట ఉన్నమాటే. అలసిన మనిషి పావుగంట కూడా చదవలేదని ఎవరు తేల్చారు? నేను ఒక్కసారైనా కూర్చుని చూసింది లేదు.

మీ అనుమానం తీరాలంటే ఒకటి గుర్తుచేసుకోండి. మీరు చెప్పే అడ్డంకి ఎప్పుడైనా కొన్ని రోజులు తొలగిందా? అప్పుడు ఏం చేశారు? నాకు ఒకసారి వరుసగా నాలుగు రోజులు సెలవు దొరికింది. ఇంట్లో అల్మారాలన్నీ సర్దాను. ఆ పుస్తకం మీద దుమ్ము కూడా తుడిచి, మళ్లీ అరలోనే పెట్టాను. సమయం లేకపోవడం అసలు కారణం కాదని నాకు అక్కడే తెలిసిపోయింది.

అసలు కారణం భయం. 1978లో స్టీవెన్ బర్గ్‌లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి జవాబే లేని ప్రశ్నలిచ్చి, బాగా చేశారని చెప్పారు. రెండో పరీక్షకు ముందు రెండు మందుల్లో ఒకటి ఎంచుకోమన్నారు: ఒకటి బుద్ధికి పదును పెట్టేది, రెండోది మందగింపజేసేది అని చెప్పారు. తమ విజయం మీద తమకే నమ్మకం కుదరని ఆ విద్యార్థులు, ముఖ్యంగా అబ్బాయిలు, ఎక్కువగా రెండోదాని వైపే మొగ్గారు. తప్పితే నెపం మందు మీదికి పోతుంది కదా! ఆడలేక మద్దెల ఓడు అనడం తర్వాతి సంగతి. ఇది ఆడకముందే మద్దెలను మనమే పగలగొట్టుకోవడం. చదవకుండా తప్పితే ‘చదివుంటే వచ్చేది’ అన్న ఊరట మిగులుతుంది. చదివి తప్పితే అది కూడా ఉండదు. ఆరేళ్లు నేను కాపాడుకున్నది ఆ ఊరటనే.

తర్వాత నేను చేసినవి చాలా చిన్న పనులు. మొదటి పేజీకి వెళ్లలేదు, సరాసరి 41వ పేజీ తెరిచాను. పాతది మరిచిపోయినచోట వెనక్కి తిప్పి చూసుకున్నాను. “రోజూ చదువుతాను” అనే మాట మానేశాను. “రాత్రి వంటగదిలో దీపం ఆర్పగానే బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరుస్తాను” అని రాసి పెట్టుకున్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ఒక వ్యాసంలో వివరించారు. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది. దీపం ఆర్పిన చెయ్యి దానంతట అదే పుస్తకం వైపు వెళ్లడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలల గురించి చెప్పాలి. ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుందన్న మాట నమ్మి, ఇంతకుముందు నాలుగో వారంలోనూ కష్టంగా ఉంటే లోపం నాలోనే ఉందనుకున్నాను. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 12 వారాలు గమనించి చేసిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని అంచనా వేశారు. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది ఈ చివరి సంగతే. అంతకుముందు ఒక్కరోజు తప్పితే చాలు, వచ్చే నెల ఒకటో తేదీకి వాయిదా వేసేదాన్ని.

మొదటి పేపరు ఆరు మార్కుల్లో పోయింది. ఆరేళ్లు భయపడింది దీనికే. తీరా జరిగాక ఒక సాయంత్రం ఏడ్చాను, అంతే. తరుగుదల లెక్కల్లో నేను బలహీనమని తెలిసింది. ఆ అధ్యాయం మీద రెండు నెలలు కూర్చున్నాను, తర్వాతి విడతలో పాసయ్యాను. ఇంకో పేపరు మిగిలి ఉంది. ఇప్పుడు గీతలన్నీ ఆకుపచ్చ సిరాతో గీస్తున్నాను. నిన్న రాత్రి 612వ పేజీ దగ్గర ఆపాను.

మీరూ మీ వాక్యాలు రాసి చూడండి, ‘కాబట్టి’తో సహా. ఏదైనా ఒక వాక్యంలో మొదటి సగమే అంత బరువుగా ఉందనిపిస్తే అది నాకు రాయండి, కలిసి ఆలోచిద్దాం.