రెండడుగుల పాత రాతి గోడకు ఏసీ పైపు బొక్క వేయాలి, ఏ డ్రిల్లింగ్ మిషన్ కొనాలి?

మీ ప్రశ్న ఇదీ: తాతల నాటి ఇల్లు, గోడ రెండడుగుల మందం, ఏసీ పైపు బయటికి తీయాలి, మామూలు హామర్ డ్రిల్ చాలుతుందా లేక పెద్ద మిషన్ కొనాలా అని.

కొనొద్దు. మిషన్ అద్దెకు తెచ్చుకోండి, బిట్టు మాత్రం కొనుక్కోండి. అద్దె షాపుల్లో ఇచ్చే బిట్టు మొన అరిగి అరిగి బొటనవేలులా ఉంటుంది. ఇంతకీ గోడకు టేపు పెట్టి కొలిచారా? ‘రెండడుగులు’ అని మీరు అన్నట్టే నేనూ అన్నాను. దాని పుణ్యమా అని మా ఇంటి గోడకు రెండు రోజుల పాటు ఒక ఇనుప కొమ్ము మొలిచింది.

మాది జమ్మలమడుగు. ఉద్యోగం కడపలో, అమ్మ మాత్రం ఊళ్లోనే. పోయిన ఎండాకాలం ముందు ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. మే నెలలో మంచం మీద ఉండాల్సిన మనిషికి ఏసీ పెట్టిద్దామని తీసుకెళ్లాను. బిగించడానికి వచ్చిన అబ్బాయి గుమ్మం పక్కన గోడ మందం చూసి, తన డ్రిల్లు తీయకుండానే సంచి మూసేశాడు. ‘తొమ్మిది అంగుళాల గోడ వరకే సార్ మాది. బొక్క మీరు వేయించుకుని ఫోన్ చేయండి’ అన్నాడు. ఫ్రీ ఇన్‌స్టలేషన్ అని బిల్లు మీద పెద్ద అక్షరాలతో కొట్టేవాళ్లు గోడ ఎంత మందం ఉంటే ఫ్రీయో కూడా కొట్టొచ్చు కదా.

నాకు రోషం వచ్చింది. ప్రొద్దుటూరు వెళ్లి ఎనిమిది వందల వాట్ల రోటరీ హామర్ అనే గట్టి డ్రిల్లు, ఆరు వందల మిల్లీమీటర్ల బిట్టు కొన్నాను. ‘రెండడుగుల గోడ, రెండడుగుల బిట్టు, ఇంకేం కావాలన్నా’ అన్నాడు షాపతను. లెక్క బాగానే ఉందనిపించింది. ఇంటికొచ్చాక తెలిసింది, బిట్టులో రెండంగుళాలు మిషన్ మూతిలోనే ఉండిపోతాయి. గోడేమో రెండు వైపులా పూతతో కలిపి ఇరవయ్యారు అంగుళాలు తేలింది. అంటే తిన్నగా పోయినా నాలుగంగుళాలు తక్కువే. ‘సరే, అటు నుంచి కూడా వేస్తే కలుస్తాయిలే’ అనుకున్నాను.

మొదటి అడుగు వెన్నలో దిగినట్టు దిగింది. మా వైపు గోడలు నాపరాయివి, అది సున్నపురాయే, మరీ మొండిది కాదు. ఆ తర్వాత పొడి రావడం ఆగింది. మిషన్ మోత మారింది. నేను ఇంకా గట్టిగా నొక్కాను. ఉన్నట్టుండి బిట్టు లోపల బిగుసుకుంది, మిషన్ నా చేతుల్లో గిర్రున తిరిగింది. లోపల క్లచ్ ఉంది కాబట్టి మణికట్టు మిగిలింది గానీ వారం పాటు ముద్ద కలపలేకపోయాను. పక్క హ్యాండిల్ బిగించకుండా ఆ మిషన్ ముట్టుకోకండి. మిషన్ ఊడింది, బిట్టు ఊడలేదు. పైపు రెంచితో తిప్పాను, సుత్తితో కొట్టాను, వీధిలో ఉన్న మగాళ్లందరూ వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. రెండో రోజుకు మా పెద్దమ్మ దానికి కూరగాయల సంచి తగిలించింది.

చివరికి పెద్దనాయన మైలవరం వైపు నుంచి ఒక ముసలి బేల్దారి మేస్త్రీని పిలిపించాడు. ఆయన బిట్టు వంక చూడనే లేదు. బయటికెళ్లి చిన్న సుత్తితో గోడంతా చెవి పెట్టి తట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి, ‘నాయనా, ఈడ ఒకటే రాయి ఉండాది, ఆ మొగం నుంచి ఈ మొగం దాకా. నువ్వు దాని పక్కన జారిపోయినావు’ అన్నాడు.

పాత రాతి గోడ ఒక గోడ కాదని నాకు అప్పుడు తెలిసింది. బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి, నడుమ మట్టీ చిల్లర రాళ్లూ. ఆ రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడా ఒక పొడవాటి రాయిని అడ్డంగా పెట్టి కడతారు. సన్నని పొడుగు బిట్టు ఆ రాయి అంచుకు తగిలి పక్కకు వంగి పోతుంది. దాని వెనకాల చిల్లర రాళ్లు జారి బిట్టు మెలికల గాడుల్లో ఇరుక్కుంటాయి, మట్టిలో చెమ్మ ఉంటే పిండిలా అంటుకుంటుంది. ఆ స్థితిలో నొక్కేకొద్దీ బిగుసుకోవడమే. రెండంగుళాలు దిగగానే తిరుగుతుండగానే బయటికి లాగి పొడి రాల్చాలి. షాపతను ఈ ముక్క చెప్పలేదు.

మేస్త్రీ పలుచని ఉలితో రాళ్ల సందుల్లో దోపిన చిప్ప రాళ్లు తీశాడు, ఒక రాయి కదిలించాడు, గడ్డపారతో లోపలి మట్టి గీకాడు. బిట్టు దానంతటదే వేలాడింది. ఎత్తు తప్పకుండా ఉండటానికి నీళ్లు నింపిన సన్న ట్యూబును కిటికీలోంచి అటు వేసి రెండు వైపులా గుర్తు పెట్టుకున్నాడు. లేజర్ గీజర్ ఏమీ లేదు. మూడు గంటల్లో మూడంగుళాల పీవీసీ పైపు గోడలో కూర్చుంది, నీళ్లు బయటికి పోయేలా కొంచెం వాలుగా. చుట్టూ సున్నం, ఇసుక, చిప్ప రాళ్లు దట్టించాడు. సిమెంటు అడిగితే నా వంక ఒక చూపు చూశాడు.

ఇక మిషన్ల సంగతి. మామూలు హామర్ డ్రిల్లులో పళ్ల చక్రాలు రెండు ఒకదాని మీద ఒకటి గీరుకుంటాయి, దెబ్బ బలమంతా మీ భుజం నుంచే రావాలి. స్క్రూ బిగించే బొక్కలకు చాలు, అంతే. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి దెబ్బ వేస్తుంది, మీరు ఊరికే పట్టుకుంటే చాలు. అందులో చిన్న మూతి ఎస్‌డీఎస్ ప్లస్, బిట్టు కాడ పది మిల్లీమీటర్లు. పెద్దది మ్యాక్స్, కాడ పద్దెనిమిది. జర్మన్‌లో ఎస్‌డీఎస్ అంటే దూర్చు, తిప్పు, కూర్చోబెట్టు అని అర్థమట. డబ్బా మీద వాట్లు చూసి మోసపోకండి. వాట్లు అది తినే కరెంటు, జౌల్స్ అది వేసే ఒక్కో దెబ్బ బలం. చిన్నవాటికి రెండు మూడు జౌల్స్ ఉంటాయి, మ్యాక్స్ మిషన్లకు ఎనిమిది, ఆపైన. రెండడుగుల రాయికి మ్యాక్సే. బిట్టు వెయ్యి మిల్లీమీటర్లది, కానీ మొదట పొట్టి బిట్టుతో దారి చేసి ఆ తర్వాతే దాన్ని దించండి. రెండు వైపుల నుంచీ వేయండి, లేకపోతే అవతలి పూత పళ్లెమంత పెచ్చు ఊడుతుంది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం నడపకండి, వోల్టేజీ దారిలోనే చచ్చిపోతుంది.

డైమండ్ కోర్ కటింగ్, అంటే వజ్రపు పళ్ల గొట్టంతో గోడను గుండ్రంగా కోయడం, పెట్టిద్దామా అని ఎవరైనా అంటారు. కాంక్రీటుకు, సిమెంటుతో కట్టిన గోడకు దాన్ని మించింది లేదు. మట్టితో కట్టిన గోడకు వద్దంటే వద్దు. దానికి పోసే నీళ్లు లోపలి మట్టిని కడిగేస్తాయి, వదులైన రాయి కట్టర్‌తో పాటే తిరుగుతుంది. మీది అనంతపురం వైపు గ్రానైట్ గోడైతే ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో కూర్చుంటే లేవదు.

అసలు ఆ ఇంటికి ఏసీ ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు అది మట్టి మిద్దె. మే నెల మధ్యాహ్నం కూడా లోపల దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లం. మిద్దె కారుతోందని దాన్ని పీకేసి స్లాబ్ వేయించింది నేనే, గోడలకు సిమెంటు పూయించిందీ నేనే. ఇప్పుడు రాత్రి పది దాటినా స్లాబ్ సెగ కక్కుతూనే ఉంటుంది. పైన గవాచి ఉండేది, వెలుతురుకూ పొగ పోవడానికీ. స్లాబ్‌తో అదీ మూసుకుపోయింది. మేస్త్రీ డబ్బులు తీసుకుని పోతూ పైకి చూసి, ‘గవాచి ఉండింటే పైపు ఆడనుంచే వచ్చుండేది కదా’ అన్నాడు. అమ్మ నవ్వింది, నేను నవ్వలేదు.

మీ గోడ కొలిచాక అది తొమ్మిది అంగుళాల ఇటుక గోడే అని తేలితే, జమ్మలమడుగు వచ్చి నా మిషన్ ఊరికే తీసుకెళ్లండి, ఆ తర్వాత అది డబ్బాలోంచి బయటికి రాలేదు. బిట్టు మాత్రం అడగొద్దు. అమ్మ దాన్ని పెరట్లో కాకర తీగకు గుంజగా పాతేసింది.