నీళ్లు కలపని పాలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాతయ్య చనిపోయాడని రాసి, కొట్టేసి, పైన ‘ఊరెళ్లాడు’ అని దిద్దావు. చిన్నపిల్లలు బెంగపడతారని కాబోలు. ఆ కొట్టివేత గురించే ఈ ఉత్తరం.

అమెరికాలో 1873 నవంబరులో ‘సెయింట్ నికొలస్’ అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. సంపాదకురాలు మేరీ మేప్స్ డాడ్జ్, 1905లో కన్నుమూసేదాకా ఆవిడే. పత్రిక రావడానికి కొన్ని నెలల ముందే ఒక వ్యాసంలో తేల్చి చెప్పింది: పెద్దల పత్రికకి నీళ్లు కలిపితే పిల్లల పత్రిక అయిపోదు, అది ఇంకా చిక్కగా, ఇంకా ధైర్యంగా ఉండాలని.

చెప్పి ఊరుకోలేదు. 1893 నవంబరులో ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ రాసిన ముంగిస కథ ఆ పత్రికలోనే అచ్చయింది. వరదకి బొరియలోంచి కొట్టుకొచ్చిన ముంగిస పిల్ల తోట దారిలో పడి ఉంటుంది. చచ్చిపోయింది, అంత్యక్రియలు చేద్దామంటాడు పిల్లవాడు. కథ మొదట్లోనే ఆ మాట! తర్వాత స్నానాలగదిలో తాచు పొంచి ఉండటం, ముంగిస దాని తల కరిచిపట్టి వదలకపోవడం, చివరికి పాముగుడ్లు కూడా చితకడం. దేనికీ ముసుగు లేదు. అయితే భయం ఎంత ఉందో, ఆ పిల్లవాడికి తోడూ అంత ఉంది. నువ్వు పట్టుకోవాల్సిన కిటుకు అదే.

ధైర్యానికి వెల కట్టాల్సి వస్తుంది, అదీ తెలుసుకో. 1826లో బాస్టన్‌లో లిడియా మరియా చైల్డ్ అనే రచయిత్రి ‘జువెనైల్ మిసలనీ’ అనే పిల్లల పత్రిక పెట్టింది. రెండు నెలలకోసారి వచ్చేది. 1833లో ఆవిడ బానిసత్వాన్ని ఎదిరిస్తూ పుస్తకం రాసింది, అదీ పెద్దల కోసం. తల్లిదండ్రులు పిల్లల పత్రికకి చందాలు మానేశారు. మరుసటి ఏడాదికల్లా పత్రిక ఆవిడ చేజారింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నీ కథకి అంత ముప్పేమీ లేదమ్మా. మరీ దిగులుగా ఉందని ఎవరైనా తిప్పి పంపితే పంపనీ. ‘ఊరెళ్లాడు’ అని చదివిన పిల్ల ‘మరి ఎప్పుడొస్తాడు?’ అని అడుగుతుంది. ఆ పిల్లకి నీ కథలో జవాబు లేదు.

కొట్టేసిన వాక్యం తిరిగి పెట్టు. వానకి తడిసిన తాతయ్య చెప్పుల్ని మనవరాలు ఎండలోకి జరిపే చోట మాత్రం ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు.

ఇట్లు,
నీ మాస్టారు