‘శంకరశాస్త్రి కాకముందు ఆయనేం వేషాలు వేసేవారు?’ – నాటకం, సినిమా: పాఠకుల ప్రశ్నలు

(పోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన విశాఖ రంగస్థల నటుడు, సినిమాల్లో తండ్రి, మామ, హెడ్మాస్టరు వేషాలు వేసే క్యారెక్టర్ ఆర్టిస్టు ఈ శీర్షికలో జవాబులిస్తున్నారు.)

గురువుగారూ, జె.వి. సోమయాజులు గారిని ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశంగా చూశానని మా నాన్నగారు అంటారు. కాదు, రామప్పపంతులు అని మా పెదనాన్న. ఇంట్లో పందెం దాకా వెళ్లింది. ఎవరిది రైటు? – ఒక పాఠకుడు, మర్రిపాలెం

పందెం మీ పెదనాన్నగారిదే బాబూ. గిరీశం వేసింది తమ్ముడు జె.వి. రమణమూర్తి గారు. అన్నగారిది రామప్పపంతులు. మీ నాన్నగారు పొరబడటంలో వింతేం లేదు. ఇంటిపేరు ఒకటే, నాటకం ఒకటే, ఒకే వేదిక మీద ఇద్దరూ. రమణమూర్తి గారైతే నాలుగు దశాబ్దాలకు పైగా ఆ నాటకాన్ని వదల్లేదు.

నాటకం చూడనివాళ్ల కోసం ఒక్క సీను చెబుతాను. మధురవాణి అనే వేశ్య ఇంట్లో రామప్పపంతులు ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. కాసేపటికి గిరీశం కోసం పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. గిరీశమూ అదే మంచం కిందకి. దెబ్బ మాత్రం పంతులికి తగులుతుంది. అంటే నిజజీవితంలో అన్నదమ్ములైన ఇద్దరు, పంచెలు సర్దుకుంటూ, ఒక మంచం కింద! అందులో పెద్దాయన ఆ తర్వాత ‘శంకరాభరణం’ సినిమాలో శంకరశాస్త్రి అయ్యారు. సినిమా చూసి ఆయన పుట్టుకతోనే అంత గంభీరమైన మనిషి అనుకున్నవాళ్లకి నేను ముందు ఈ మంచం సంగతే చెబుతాను.

సోమయాజులు గారు 1928లో శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. రెవెన్యూ శాఖలో చేరి డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్లారు. పగలు ఫైళ్లు, రాత్రి రిహార్సల్సు. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరిలో విడుదలయ్యేనాటికి ఆయనకి యాభై దాటింది. పైగా ఆయన కచేరీలు చేసే గాయకుడు కాదు. పాటలు బాలసుబ్రహ్మణ్యం గారివి. తెర మీద చూస్తే మాత్రం ఆ ఊపిరి, ఆ తాళం, పాట ఎత్తుకునే ముందు మెడ నిలబెట్టే తీరు అన్నీ ఆయనవే. కూతురు సంగీతం మధ్యలో అపశ్రుతి పలికినప్పుడు వేసే కేక గుర్తుందా? ఆ కేక స్టేజీది. మైకు లేకపోయినా వెనక బెంచీదాకా వెళ్లే గొంతు. ఆ తర్వాత ముఖంలో వచ్చే మౌనం సినిమాది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు.

ఆ సినిమాకి నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. ఒకటి సినిమాకి, మిగతావి సంగీత దర్శకుడు మహదేవన్ గారికీ, బాలు గారికీ, వాణీ జయరాం గారికీ. శంకరశాస్త్రికి జాతీయ అవార్డు లేదు. నాకిప్పటికీ అది మింగుడుపడదు.

తర్వాత ఏమైంది? ‘సప్తపది’లో వేశారు, బాపు గారి ‘త్యాగయ్య’లో త్యాగయ్య అయ్యారు, రెండూ 1981లోనే. ఆపైన పరిశ్రమకి ఆయన్ని చూడగానే పంచె, విభూతి, తంబూరా తప్ప ఇంకేం తోచలేదు. రామప్పపంతులులోని జిత్తులు, భయం, ఆ దొంగచూపు సినిమావాళ్లు సరిగా వాడుకోలేదని నా ఫిర్యాదు. నేను అదే నాటకంలో ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు వేషం వేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ పంతులు వేషం నవ్వులాట కాదు. లుబ్ధావధాన్ల దగ్గర ఆప్తుడు, మధురవాణి దగ్గర వెర్రివాడు, అవధాన్ల కూతురు మీనాక్షి ఎదురుపడితే మాత్రం నోరు పెగలదు. గొంతు మూడు చోట్లా మారాలి, మనిషి ఒకడే అనిపించాలి. ఏడంకాల నాటకం, పూర్తిగా ఆడితే తెల్లారుతుంది. ఎంత కుదించి ఆడినా ఈ మనిషిని కుదించడం కుదరదు.

సోమయాజులు గారు 2004లో, రమణమూర్తి గారు 2016లో పోయారు. మీ నాన్నగారిని ఓడిపోయినందుకు బాధపడొద్దనండి. ఇద్దరినీ చూసిన కళ్లు ఆయనవి.

సార్, గ్లిజరిన్ లేకుండా ఏడవగలరా? – డిగ్రీ విద్యార్థిని, అక్కయ్యపాలెం

మొదటి టేకులో ఏడుస్తానమ్మా. లైటు మార్చి, కోణం మార్చి, టీ తాగి వచ్చాక మళ్లీ ఏడవమంటే గ్లిజరినే దిక్కు.

బాబాయ్ గారూ, నాకు 27 ఏళ్లు. పర్మనెంటు ఉద్యోగం. పరిషత్తు నాటకాల్లో రెండు బహుమతులొచ్చాయి. ఉద్యోగం మానేసి హైదరాబాదు కృష్ణానగర్ వెళ్లి ప్రయత్నిద్దామని ఉంది. ఇంట్లో ఒకటే టెన్షన్. మీ సలహా? – గాజువాక

మానకు. ఎందుకో చెబుతా విను.

సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు. గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణి. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూనే నాటకాలాడి, 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకెక్కారు. వీళ్లెవరూ ఆకలితో స్టూడియో గేటు దగ్గర నిలబడ్డవాళ్లు కాదు. ఒకటో తారీకు జీతం వచ్చే మనిషి వేషం అడిగేటప్పుడు గొంతు వణకదు. వణకని గొంతు చూసే వేషమిస్తారు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. అందరికీ వర్తిస్తుందని అనను. అన్నీ వదులుకుని వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కాకపోతే మనకి వాళ్ల పేర్లే తెలుస్తాయి, వెనక్కి బస్సెక్కినవాళ్ల పేర్లు తెలియవు.

విశాఖలో ఉండటం నీకు లాభం. భీమిలి రోడ్డు, రుషికొండ మీద రామానాయుడు స్టూడియో, యారాడ, అరకు... ఏడాదిలో ఏదో ఒక యూనిట్ ఇక్కడ దిగుతూనే ఉంటుంది. ‘మరోచరిత్ర’ కాలం నుంచీ ఇదే తంతు. వాళ్లకి లోకల్‌గా పోస్టుమాన్, పురోహితుడు, కానిస్టేబులు కావాలి. కో-డైరెక్టర్‌ని కలువు. మేకప్ లేని ఫోటోలు మూడివ్వు, ఒకటి తిన్నగా, ఒకటి పక్కకి, ఒకటి నిలువెత్తు. సెలవు పెట్టుకుని చెయ్యి. స్టైలుగా గాగుల్స్ పెట్టుకున్న ఫోటో ఇవ్వకు, అది పెళ్లి సంబంధాలకి పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ ఫీజు కడితే వేషమిస్తామనేవాడి మొహం మీదే తలుపు వేసెయ్. డబ్బు మనం తీసుకోవాలి, ఇవ్వకూడదు. ఒక కంపెనీ నాకు డాక్టరు వేషమని పొద్దున్నే పిలిచి, తెల్లకోటు వేయించి చీకటి పడేదాకా కూర్చోబెట్టి, సీను తీసేశామని పంపేసింది. బేటా (రోజు భత్యం) కూడా ఇవ్వలేదు. మర్నాడు ఆఫీసుకెళ్లి నా సీట్లో నేను కూర్చున్నాను కాబట్టి ఆ సంగతి నవ్వుతూ చెప్పగలుగుతున్నా. ఆ సీటే లేకపోతే ఎలా ఉండేదో ఆలోచించు.

గొల్లపూడి గారు మన విశాఖవాసేనా? మా అమ్మాయి చెన్నై అంటోంది. – గృహిణి, ఎం.వి.పి. కాలనీ

ఇద్దరిదీ నిజమేనమ్మా. 1939లో విజయనగరంలో పుట్టారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ ఆనర్స్ చదివారు. ఆ రోజుల్లో రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి గారికి నాటకమంటే ప్రాణం, విద్యార్థుల్ని దగ్గరుండి ఆడించేవారు. లెక్కలు, ఫిజిక్సు చదవడానికి వచ్చిన కుర్రాడు నాటక రచయిత అయ్యాడంటే ఆ గాలి అలాంటిది. 1959లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరు, తర్వాత రేడియో, 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమా రచన. నటుడిగా మొదటి సినిమా మాత్రం 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’, నలభై దాటాక. పెద్దమనిషిలా మాట్లాడుతూ పక్కవాళ్ల సంసారంలో వేలు పెట్టే రకం మనుషుల్ని ఆయన వేస్తే ఒళ్లు మండేది. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, మెత్తటి మాట. కత్తి పట్టిన విలన్ మీద రాని కోపం ఆయన మీద వచ్చేది. ఆ మాట విరుపు రేడియో ఇచ్చిందే. కనబడకుండా వినబడటం నేర్చుకున్నవాడికి కనబడటం అదనం కదా. 2019లో చెన్నైలో పోయారు.

స్టేజీ మీద బాగా చేసేవాళ్లు సినిమాలో ‘ఓవర్’ చేస్తున్నారంటారు. తేడా ఎక్కడుంది మాస్టారూ? – నాటక సమాజం సభ్యుడు, అనకాపల్లి

గొంతు దగ్గర అంటారు అందరూ. గొంతు తగ్గించడం వారంలో వస్తుంది. అసలు కష్టం వేరే చోట ఉంది.

స్టేజీ మీద మన ఎదుట మనిషి ఉంటాడు. వాడు మాట విసిరితే మనం అందుకుంటాం. సినిమాలో నా క్లోజప్ తీసేటప్పటికి ఎదుటి ఆర్టిస్టు చాలాసార్లు క్యారవాన్‌లో ఉంటాడు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టరు కుర్రాడు పిడికిలి ఎత్తి, “లుక్ ఇక్కడ సార్” అంటాడు. ఆ పిడికిలే నా కూతురు. ఆ పిడికిలికే పెళ్లిచేసి అత్తారింటికి పంపాలి. ఇంకో కుర్రాడు కూతురి డైలాగులు కరెంటు బిల్లు చదివినట్టు చదువుతాడు. అప్పుడు కళ్లలో తడి రావాలి.

రెండోది కంటిన్యుటీ. ఒకసారి సీనులో నేను పేపరు చదువుతుండగా అల్లుడు ఇల్లు అమ్మేశానని చెబుతాడు. నేను పేపరు మడిచి, కళ్లజోడు తీసి, లేవాలి. గదంతా కనబడే వైడ్ షాట్‌లో ‘అమ్మేశాను’ అన్న మాట దగ్గర పేపరు మొదటి మడత వేశాను. అంతే, ఇక ఆ రోజంతా నాది అదే బతుకు. అతని వైపు నుంచి తీసినా, నా చెయ్యి ఒక్కటే తీసినా, ఆ మాట దగ్గరే, ఆ మడతే, కుడిచేత్తోనే. కళ్లజోడు ముందు కుడి చెవి నుంచి రావాలి. ఇవన్నీ గుర్తుంచుకుంటూ ఇల్లు పోయిన బాధ పడాలి. నాటకంలో ఈ రోజు ఎడమచేత్తో తీస్తే రేపు కుడిచేత్తో తీస్తాం, అడిగేవాడెవడు?

మూడోది వరస. నాటకంలో మొదటి రంగం మొదటే వస్తుంది. షూటింగులో ఇల్లు దొరికిన రోజు ఇంటి సీన్లు. నేను ముక్కులో దూది పెట్టుకుని చచ్చిపోయి, వారం తర్వాత అదే అల్లుడికి సంబంధం చూడటానికి వెళ్లాను. అందుకే నేను స్క్రిప్టు అడిగి, నా సీన్లు కథ వరసలో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటా. మేకప్ కుర్చీలో అదొకసారి చూసుకుంటే మనిషి ఏ వయసులో, ఎంత అప్పులో ఉన్నాడో తెలుస్తుంది.

డబ్బింగ్ మాత్రం నాటకంవాళ్లదే రాజ్యం. చీకటి గదిలో మైకు ముందు మనం విజృంభించొచ్చు.

సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసంటే కామెడీకేనా? మనవాళ్లు ఏడవరా? – ఉపాధ్యాయుడు, టెక్కలి

మాస్టారూ, నాకు ఈ విషయంలో మీకంటే మంట ఎక్కువ. యాస పేరుతో ప్రతి వాక్యానికీ ‘ఏటి’, ‘ఓలమ్మ’ తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. మన మాటలో ఉన్న సాగదీత, చివర్లో తెగిపోయే తీరు పట్టుకోరు. మన అమ్మలు చావింట్లో మాట్లాడే మాట వింటే ఏ డైలాగు రైటరైనా కలం కింద పెట్టాలి. మన రచయిత రావిశాస్త్రి గారు కోర్టు మెట్ల మీద వినబడే ఆ భాషలోనే పేదవాళ్ల బతుకంతా రాశారు, నవ్విస్తూనే వణికించారు. నావరకు నేను, “సార్, యాసలో చెప్పనా?” అని డైరెక్టర్ని అడిగి మరీ సీరియస్ సీన్లలోనే వాడతాను. సగంమంది వద్దంటారు. ఈమధ్య కుర్ర డైరెక్టర్లు కొందరు ఊఁ అంటున్నారు.

ఇప్పుడు వైజాగ్‌లో నాటకం ఎక్కడ చూడాలి అంకుల్? మా ఫ్రెండ్స్ ఎవరూ చూడలేదు. – ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

కళాభారతి, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం. ఈ రెండు చోట్లా బయట కట్టే బ్యానర్లు చూస్తూ ఉండు. యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగంవాళ్లు ఆడేవీ వదలకు. పరిషత్తు పోటీలైతే చాలావరకు టికెట్ ఉండదు, సాయంత్రం మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి, కాబట్టి మధురవాడకి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కో. వక్తల ఉపన్యాసాలు నాటకం కంటే పొడుగ్గా ఉంటే ఓపిక పట్టు, అప్పుడు బయటికెళ్లి టీ తాగొచ్చు. ముందు వరసలు ముఖ్య అతిథులకి వదిలేసి మధ్యలో కూర్చో, మాట స్పష్టంగా వినబడేది అక్కడే. నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్ వైపు రా. స్పిరిట్ గమ్‌తో అతికించిన మీసం పీక్కుంటూ అద్దం ముందు ఎవరో ఒకరుంటారు, ఏం అడిగినా చెబుతారు.