పంచాంగం అడిగితే పంచాంగమే వెతక్కు

అమ్మాయీ,

గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం అలవాటైంది కానీ ఎవరైనా వచ్చి ఏదైనా వివరం అడిగితే టెన్షన్ వస్తోందని రాశావు. నాకూ మొదట్లో అంతే. తెలియదనడానికి నామోషీ, అందుకే అడిగింది ఉంటే చేతిలో పెట్టేవాణ్ణి, లేకపోతే లేదనేసేవాణ్ణి.

ఓసారి ఒక పెద్దాయన పాత పంచాంగం కావాలన్నాడు. లేదన్నాను. ఆయన మెట్లు దిగుతుంటే ఎందుకో మనసొప్పక "దేనికండీ?" అని అడిగా. జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీశాడు, వాళ్ళ నాన్న చేతిరాత: ఖర నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి. ఆయనకు కావలసింది పంచాంగం కాదు, తను పుట్టిన ఇంగ్లీషు తేదీ! తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కదా, ఖర మొన్నామధ్య వచ్చింది 2011లో, అంతకుముందు 1951లో. నెరిసిన జుట్టు చూస్తే ఆ రెండిట్లో ఏదో తెలుస్తూనే ఉంది. ఏడాది తేలాక తేదీకి ఊళ్ళో పంతులుగారి దగ్గరున్న నూరేళ్ళ పంచాంగం సరిపోయింది.

అందుకని ఎవరేం అడిగినా ఇంకో ప్రశ్న వెయ్యి. "ఎందుకు?" అని పోలీసులా కాదు, "ఏ విషయం చూస్తున్నారు, ఎంతవరకు కావాలి" అని మెల్లగా. చెప్పడం ఇష్టం లేదనిపిస్తే వదిలెయ్.

వేలు చూపించి "ఆ బీరువాలో చూడండి" అనకు, లేచి వెళ్ళు. పుస్తకాల వర్గీకరణలో తెలుగు సాహిత్యం నంబరు 894.827 అని నీకు తెలుసు, వాళ్ళకెలా తెలుస్తుంది? మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి అయిదు సూత్రాలు పరీక్షకు బట్టీ పట్టే ఉంటావు, 1931 నాటివి, అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమనేదే.

పాత పహాణీలు, అంటే భూమి రికార్డులు, పట్టుకొచ్చేవాళ్ళతో మాత్రం జాగ్రత్త. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే మాగాణి, అంతవరకు నిఘంటువు తీసి చూపించు. "అయితే ఈ భూమి మాదేనా?" అంటే అది వకీలు చెప్పాలి. మందుల సంగతీ అంతే.

తెలియకపోతే తెలియదనే చెప్పి, ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకుని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఫోన్ చెయ్యి. అడిగినవాళ్ళ నంబరు కూడా రాసుకో. నేను ఓసారి మూడు రోజులు వెతికితే జవాబు దొరికింది కానీ అడిగిన మనిషి మళ్ళీ దొరకలేదు.