జపనీసుకు నోరు తిరగాలంటే

చి. మురళికి చిన్నాయన ఆశీస్సులు.

జపనీసు పరీక్షలో ఎన్4 మెట్టు పాసయినావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. పాసయినా మీ జపాన్ మేనేజరు ఎదురుగా వస్తే మాట పెగలడం లేదని కూడా చెప్పింది. అందులో వింతేం లేదురా. ఈ జేఎల్‌పీటీ పరీక్షలో అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా ఎక్కడా మాట్లాడే పరీక్ష లేదు. చెన్నై పోయి రాసొచ్చినావు గానీ, అక్కడ నీ చేత ఒక్క ముక్కయినా పలికించారా?

అసలు భయం భాషది కాదులే. ఫ్యాక్టరీ లైన్లో అంతమందికి పని పురమాయించేవాడివి, వాళ్ళ ముందే చిన్నపిల్లాడిలా తడబడాలంటే నామోషీ. నలభై దాటాక శ్రీసిటీలో చేరి ఈ భాష మొదలుపెట్టినప్పుడు నాకూ ఇదే టెన్షన్. మన గాంధీరోడ్డులో గాజుల అంగడి ఆమెను చూడు. తమిళం బడిలో నేర్చుకుందా? తమిళ యాత్రికులొస్తే తమిళం, ఉత్తరాదివాళ్ళొస్తే హిందీ. వ్యాకరణం ఎట్లా పోయినా సైజూ ధరా దగ్గర పొరబడదు. ఆమె ధైర్యమంతా సరుకులో ఉంది. నీ సరుకు నీ మెషిన్లు.

అందుకని వాతావరణం, హాబీలు అంటూ పుస్తకంలో కబుర్లతో మొదలుపెట్టొద్దు. మెషిను ఆగిందనుకో. "కికై గ తొమరిమషిత" అను, మెషిను ఆగింది. "సెన్సా ఒ కోకన్ షిమషిత", సెన్సారుని మార్చాను. ఆ సంగతి నీకు తెలిసినంతగా ఆయనకు తెలీదు, కాబట్టి నువ్వు తడబడినా ఓపిగ్గా వింటాడు. ఈ రెండు వాక్యాలూ తెలుగు వరసలోనే ఉన్నాయి చూడు. కర్తయినా కర్మయినా ముందు, క్రియ చివర. మన 'ని' ఉన్నచోట వాళ్ళకు 'ఒ'. నువ్వేమో ముందు ఇంగ్లీషులో కట్టుకుని, దాన్ని తలకిందులు చేసి జపనీసులోకి దించుతున్నావు. ఆ చుట్టుదారి వద్దు, తెలుగులోంచి నేరుగా పో. హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు కూడా మన చెవికి అలవాటే. ఇంగ్లీషువాళ్ళు వాటి దగ్గరే తంటాలు పడతారు.

ఇంకోటి, ఆయన మాట్లాడేటప్పుడు బిగుసుకుపోయి నిలబడొద్దు. కథ వింటూ మనం ఊఁ కొట్టినట్టే వాళ్ళూ నడుమ నడుమ "హై", "సో దెసు నె" అంటూ ఉంటారు. నువ్వు మౌనంగా ఉంటే అర్థం కాలేదేమో అనుకుని ఆయన ఇంగ్లీషుకు మారిపోతాడు. ఒక్క జాగ్రత్త: ఆ హై అంటే 'అవును' అనే కాదు, 'వింటున్నాను' అని కూడా. ఆయన హై అన్నాడు కదా అని ఒప్పుకున్నట్టు లెక్కేసి పని మొదలుపెట్టేవు, చివర్లో అడిగి ఖాయం చేసుకో. అర్థం కాకపోతే "వకరిమసెన్" అని ఊరుకోవద్దు. అర్థమయినంత తిరిగి చెప్పి, మిగతాదానికి "మో ఇచిదో ఒనెగైషిమసు", ఇంకొక్కసారి చెప్పండి అని అడుగు.

బస్సులో పుత్తూరు దాకా నిద్రపోతే పో, ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. జపాన్ రేడియో, టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో ఉచిత పాఠాలున్నాయి. వినడంతో సరిపెట్టకుండా వెనకాలే గొణుగు. పక్కసీటువాడు ఏమనుకుంటే నీకేం, వాడూ ఫోన్లో రీల్సే కదా చూసేది! యాప్‌లో వరసగా ఎన్ని రోజులాడితే అన్ని మార్కులిచ్చే ఆటలు నాకు నచ్చవు, వాటితో వేలు తిరుగుతుందేగానీ నోరు తిరగదు.

వచ్చే నెల జపాన్ నుంచి ట్రైనర్ వస్తున్నాడట కదా. ఆయనకు లైను చూపించే పని నువ్వే అడిగి తీసుకో. ట్రాన్స్‌లేటర్‌ను భోజనాలయ్యాక రమ్మను. పొద్దున పూట మొత్తం నువ్వూ, ఆయనా, మెషిన్లూ.

ఇట్లు,
మీ చిన్నాయన
తిరుపతి