తమ్ముడు స్టాండప్ చేశాడా, చెప్పాడా, ఆడాడా?

సందేహం: మా తమ్ముడు శనివారాలు బంజారాహిల్స్‌లో స్టాండప్ కామెడీ చేస్తున్నాడు. ఆ మాట మా బాబాయికి చెబితే ‘‘వీడు నాటకాలాడటం ఎప్పుడు మొదలుపెట్టాడు?’’ అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు, వాడు మాత్రం మొహం ముడుచుకున్నాడు. ఇంతకీ స్టాండప్ చేస్తారా, చెబుతారా, వేస్తారా, ఆడతారా? దానికి తెలుగు మాట ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మీ బాబాయిగారి క్రియలో తప్పేమీ లేదమ్మా. చిక్కంతా ఆ బహువచనంలో ఉంది.

మనవాళ్లు ఒక్కో కళకు ఒక్కో క్రియ కట్టిపెట్టారు. వేషం కడతారు. బొమ్మలు ఆడిస్తారు. అవధానం చేస్తారు. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్లకు గజ్జెలు కట్టి పాడినా, ఆడినా ‘హరికథ చెప్పారు’ అనే అన్నారు గానీ ‘ఆడారు’ అనలేదు. సినిమా సంగతి వేరు. దాన్ని హాల్లో వేస్తారు, ఆ తర్వాత అది ఆడితే ఆడుతుంది, లేకపోతే లేదు.

నాటకాన్ని ‘వేస్తారు’, ‘ఆడతారు’ కూడా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడినవారి వారసులు ఇవాళ హైదరాబాద్‌లోనూ ఆడుతున్నారు. తెలంగాణలో చిందు కళాకారులు భాగోతం ఆడతారు. ‘ఆడు’ అనే ధాతువుకు చిందేయడమూ అర్థమే, పలకడమూ అర్థమే. మాటాడటం, పోట్లాడటం, అబద్ధమాడటం అన్నీ ఆ గూటి పక్షులే. నాటకమాడటానికి బొంకు వాసన అంటుకోవడానికి ఈ చుట్టరికం కూడా కొంత కారణమని నా అనుమానం.

ఇక బహువచనం. ‘వేషం వేశాడు’ అంటే పాత్ర ధరించాడు. ‘వేషాలేస్తున్నాడు’ అంటే తిట్టు. ‘కథ చెప్పింది’ అంటే వినడానికి కూర్చుంటాం, ‘కథలు చెప్పకు’ అంటే నమ్మడం లేదని అర్థం. నాటకాలు, డ్రామాలు ఇదే దారి. భాగోతానికైతే బహువచనం కూడా అక్కర్లేదు, ‘నీ భాగోతం బయటపెడతా’ అంటే చాలు. పద్యం బాగుందని ‘వన్స్‌మోర్’ కేకలేసి మళ్లీ మళ్లీ పాడించుకున్న జనమే ఆ కళల పేర్లన్నిటినీ తిట్లుగా కూడా వాడుకున్నారు. అలాగని బహువచనం వస్తే ప్రతిసారీ నింద కాదు. ‘రవీంద్రభారతిలో ఈ వారమంతా నాటకాలు ఆడుతున్నారు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. చోటు పేరు పక్కన పడేసరికి మాట శుభ్రపడింది. మీ బాబాయిగారి వాక్యంలో చోటు లేదు, మీ తమ్ముడొక్కడే ఉన్నాడు. పాపం, మొహం ముడుచుకోడూ మరి!

పోనీ నింద తీసేసినా స్టాండప్‌కు ‘ఆడటం’ అతకదు. అక్కడ పాత్ర లేదు. ఏకపాత్రాభినయంలో కుర్రవాడు మీసం తిప్పి దుర్యోధనుడైపోతాడు. స్టాండప్‌లో తన పేరుతో, తన జీన్స్‌తో, తన ఇంటి గొడవలే చెబుతాడు. ‘చెప్పటం’ కొంత నయం. కానీ జోకును మనం చెబుతాం, వేస్తాం, పేలుస్తాం, ఒక్కోసారి అది తుస్సుమంటుంది. ఏ ఒక్క క్రియా మొత్తం కార్యక్రమానికి సరిపోదు. ‘చేయు’ ఉంది చూశారూ, అది అతిథులకు అరుగు లాంటిది. బయటి నుంచి వచ్చిన మాటలన్నీ దాని మీదే కూర్చుంటాయి: ఫోన్ చేయడం, డాన్స్ చేయడం, మిమిక్రీ చేయడం. కాబట్టి ‘స్టాండప్ చేస్తున్నాడు’ అన్నది చక్కని తెలుగు వాక్యం. ‘కామెడీ’ అన్న రెండో సగం మాత్రం వదిలేయండి. ఉత్త ‘కామెడీ చేస్తున్నాడు’ అంటే మళ్లీ మొదటికొస్తుంది. ‘ఏంటి, కామెడీ చేస్తున్నావా?’ అన్న మాట మీద మన ఊళ్లో కాలర్లు పట్టుకుంటారు.

తెలుగు మాట అడిగారు. ‘నిలువు హాస్యం’ లాంటివి పుట్టించవచ్చుగానీ నిలబడటం అందులో విశేషం కాదు, హరిదాసూ నిలబడే చెబుతాడు. మిమిక్రీకి ‘ధ్వన్యనుకరణ’ అని ముచ్చటైన మాట ఉంది. నేరెళ్ల వేణుమాధవ్‌గారంతటి దిగ్గజం ఉన్నా అది వ్యాసాల్లో బతికింది, జనం నోట మిమిక్రీయే నిలిచింది. ‘హాస్య ప్రసంగం’ అని పిలిస్తే శాలువా, పూలదండ ఎక్కడని వెతుక్కుంటారు.

పని తీరులో దీనికి దగ్గరిది అవధానంలోని అప్రస్తుత ప్రసంగం అనిపిస్తుంది నాకు. అక్కడ పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్నలతో అవధానిని కవ్విస్తాడు, అవధాని చమత్కారంగా తిప్పికొడతాడు. ఇక్కడ వేదిక మీదివాడే ముందు వరుసలోని మనిషిని ‘మీరేం చేస్తుంటారు సార్?’ అని గిల్లుతాడు. మాటగా చూస్తే నాకు నచ్చింది తెలంగాణలో వాడే ‘ముచ్చట పెట్టుడు’. దీన్ని బహువచనం చేసి ‘ముచ్చట్లు’ అన్నా తిట్టు కాదు, అదొక లాభం. పోస్టరు మీద స్టాండప్ అనే ఉండనివ్వండి, ఇంట్లో మాత్రం ‘తమ్ముడు శనివారం ముచ్చట్లు పెడుతున్నాడు, రండి’ అని చెప్పి చూడండి.

ఒక్క జాగ్రత్త. మీ బాబాయిగారికి ‘థియేటర్‌లో షో’ అని మెసేజ్ పెట్టకండి. నాటకాలవారికి థియేటర్ అంటే రంగస్థలమేగానీ మిగతావారికి సినిమా హాలే. ఆయన నేరుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి, ఏ సినిమా అని ఫోన్ చేస్తారు.